ఉత్తరుని వణకు

తెలుగునాట ఎవడైనను చేతగాని గొప్పలు చెప్పుకొనినచో 'ఉత్తరకుమార ప్రగల్భములు' అని నవ్వుట వాడుక. విరాటపర్వము చదివినవారికే కాదు, చదువనివారికిని ఆ మాట తెలియును. విరాటుడు సేనతో సుశర్మపైకి తరలిపోయిన తరుణమున కౌరవులు ఉత్తరపు దిక్కున గోవులను పట్టిరి. తగిన సారథియే దొరికినచో కౌరవులను చెండాడి వత్తునని అంతఃపుర స్త్రీల నడుమ పలికిన ఆ రాచబిడ్డ, బృహన్నల తోలిన రథముపై వెళ్లి, సముద్రమువలె నిలిచిన ఆ సేనను కన్నులార చూచినంతనే రథము దుమికి పరుగిడెను. నాటకములలో ఆ పరుగు చూచి నవ్వని ప్రేక్షకుడు లేడు.

అయితే ఆ ఘట్టమును నవ్వుకొరకు గాక, ఒక్కమారు వైద్యుని కంటితో చదువుట మేలు. ఉత్తరుడు అచట ముందుగా చెప్పుకొనునది తన దేహమును గూర్చి. రోమములు నిక్కబొడిచినవనును. మనసు మసకబారినదనును. అంతకు కొంచెము ముందు అంతఃపురమున అతడు అబద్ధమాడెననుటయు న్యాయము కాదు. తన శరీరము తన మాట వినని క్షణమొకటి వచ్చునని ఆ బాలునికే తెలియదు. అట్టి క్షణమును ఎరుగనివారే అతనిని చూచి ఎక్కువగా నవ్వుదురు.

దేహము తనంతట తాను పలుకు ఈ భాషను మన ప్రాచీనులు బాగుగా గుర్తించిరి. భరతుని నాట్యశాస్త్రము స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభంగము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అను ఎనిమిదింటిని సాత్త్విక భావములుగా లెక్కించినది. నేటి మనోవైద్యులు 'పానిక్ అటాక్' అను స్థితికి చెప్పు లక్షణములు పదమూడు: గుండెదడ, చెమట, వణకు, ఊపిరి చాలకపోవుట, గొంతు పూడుకొనినట్లుండుట, ఎదనొప్పి, కడుపులో తిప్పుట, తల తేలిపోవుట, ఒడలు చల్లబడుట లేక కాగుట, తిమ్మిరులు, తాను తనకే పరాయిగా తోచుట, వెఱ్ఱియెత్తునేమోనను భయము, చత్తునేమోనను భయము. వీనిలో నాలుగైనను ఒక్కుమ్మడిగా పైబడి కొలది నిమిషములలో తారస్థాయి నందుకొనినచో దానిని ఆ పేరున పిలుతురు. రెండు జాబితాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఉపాధ్యాయునకు స్వేదమును వేపథువును వెంటనే కనబడును. 'పానిక్' అను మాట గ్రీకుల వనదేవత 'పాన్' పేరునుండి పుట్టినది. నిర్జనమైన అడవిలో కారణము తెలియక కలుగు భయము ఆ దేవత కల్పించునదని వారి నమ్మకము. తెలుగువాడు దీనినే గాభరా అనును, గుండె గుభేలుమన్నదనును, పైప్రాణములు పైనే పోయినవనును. మాటలకు కొదవ లేదు. ఇది ఒక గుర్తింపదగిన స్థితి అనియు, దీనికి చికిత్స కలదనియు తెలిసినవారికే కొదవ.

ఉత్తరునికిని, ఈ స్థితికి లోనైన నేటి మనిషికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. ఉత్తరుని యెదుట భీష్మద్రోణులతో కూడిన సేన ఉండెను. ఇతని యెదుట ఏమియు ఉండదు. బస్సులో కూర్చుండి ఉండవచ్చును, సంతలో బేరమాడుచుండవచ్చును, మంచి నిద్రలోనే ఉండవచ్చును. ఉన్నట్లుండి గుండె డప్పు వాయించును, నోట తడి ఆరును, ప్రాణము పోవుచున్నదను నిశ్చయము కలుగును. సుమారు పది నిమిషములలో అది శిఖరమునకు చేరి, అరగంట లోపలనే చాలవరకు దిగిపోవును. ఇంటివారు ఆటోలో ఆసుపత్రికి చేర్చునప్పటికి దడ తగ్గి యుండును. ఈ.సి.జి. తీయుదురు. అది సరిగానే ఉండును. అప్పుడు వినబడు మాట 'ఏమీ లేదు' అనునది.

ఆ రెండు పదములు రోగికి ఊరట నీయవలసినవి, కాని తరచుగా గాయపఱచును. గుండెలో దోషము లేదనుట నిజము, ఏమియు లేదనుట నిజము కాదు. చత్తునని నిశ్చయముగా అనుకొని బ్రతికిన మనిషి, తన అనుభవమునకు పేరైనను లేదని విని ఇల్లు చేరును. ఆ రాత్రి నుండి మరల ఎప్పుడు వచ్చునోయని ఎదురుచూచుట మొదలగును. మొదటి దాడికంటె ఈ ఎదురుచూపే మనుష్యులను ఎక్కువగా చెఱుచును.

దేహమున జరుగునదేమి? 1915లో హార్వర్డు విశ్వవిద్యాలయపు శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్, నొప్పి ఆకలి భయము క్రోధము అనువానివలన దేహమున కలుగు మార్పులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ప్రమాదము పొంచియున్నదని మెదడు తలచినంతనే మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. పోరాడుటకో పారిపోవుటకో దేహము సిద్ధమగును. కండరములకు నెత్తురు పంపుటకు గుండె వేగముగా కొట్టుకొనును. ఒడలు చల్లబడుటకు చెమట పట్టును. జీర్ణక్రియ ఆగును కనుక కడుపులో తిప్పును. ప్రాణవాయువు చాలదని ఊపిరి వేగమగును. పులి యెదుట ఇదియంతయు ఎంతో ఉపకారము. అయితే పరుగిడవలసిన పని లేక బల్లపై కూర్చున్నవాడు అంత వేగముగా ఊపిరి తీసినచో, నెత్తుటిలోని బొగ్గుపులుసు గాలి ఎక్కువగా బయటికి పోవును. దానివలన మెదడునకు పోవు రక్తనాళములు కొంత ముడుచుకొనును, తల తేలిపోవును. వ్రేళ్లును పెదవులును తిమ్మిరెక్కును. ఊపిరి ఎక్కువైన వేళనే ఊపిరి చాలనట్లు తోచుట ఇందలి వింత.

ఈ యంత్రము బుద్ధి అదుపులో ఎంత మాత్రము ఉండునో చార్లెస్ డార్విన్ తనపైననే పరీక్షించి చూచెను. లండను జంతుశాలలో ఒక విషసర్పము గాజుపలక వెనుక నుండెను. అది కాటువేయబోయినను వెనుకకు జరుగనని దృఢముగా నిశ్చయించుకొని ఆయన ఆ పలకకు మొగము దగ్గరగా ఆనించెను. పాము కొట్టినంతనే నిశ్చయము గాలికి పోయినది, ఆయన గజము రెండు గజములు వెనుకకు ఎగిరిపడెను. గాజు దృఢమైనదని ఆయనకు తెలియును. జీవితమున ఏనాడును పాముకాటు ఎరుగడు. 1872లో వెలువడిన తన గ్రంథమున ఈ సంగతి దాచక వ్రాసెను. 'ధైర్యము తెచ్చుకో' అని పిల్లలను గద్దించు పెద్దలు ఈ గాజుపలకను జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

వైద్యులకును ఇది తెలియుటకు కాలము పట్టినది. అమెరికా అంతర్యుద్ధమున గుండెదడతోను ఎదనొప్పితోను ఆసుపత్రికి వచ్చిన సైనికులను ఫిలడెల్ఫియా వైద్యుడు జేకబ్ డకోస్టా పరిశీలించి, 1871లో ఆ స్థితికి 'చిరాకు పడు గుండె' అను అర్థము వచ్చు పేరు పెట్టెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అదియే 'సైనికుని గుండె' అయినది. గుండె జబ్బుగానే చాలకాలము దానిని వెదకిరి. 1895లో ఫ్రాయిడ్ ఆందోళనతో కూడిన ఈ దాడులను సామాన్యమైన నరముల బలహీనతనుండి వేఱుచేసి చూపెను. 1960 ప్రాంతమున న్యూయార్కులోని హిల్‌సైడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ క్లైన్ అను వైద్యుడు ఇమిప్రమిన్ అను క్రొత్త మందును ఇట్టివారికి ఇచ్చి చూచెను. కొన్ని వారములు గడచినను రోగులు తమకు గుణము కనబడలేదనియే చెప్పిరి. కాని అంతవరకు చచ్చిపోవుచున్నామని నర్సుల వద్దకు పరుగులు తీయుచు వచ్చినవారు ఆ పరుగు మానిరని వార్డు సిబ్బంది గమనించిరి. దాడులు ఆగినవి, దాడి వచ్చునను దిగులు మాత్రము మిగిలినది. రెండును వేఱువేఱని ఆ విధముగా తేలినది. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణమున ఈ రుగ్మతకు ప్రత్యేక స్థానము లభించినది. 1986లో ఆక్స్‌ఫర్డుకు చెందిన డేవిడ్ క్లార్క్, దడ వచ్చుటకంటె దానిని మృత్యువని అర్థము చేసికొనుటయే దాడిని పెంచునని సిద్ధాంతీకరించెను. దడ భయమును, భయము దడను పెంచుకొనుచు ఒకదాని తోక నొకటి పట్టుకొని తిరుగును.

అయితే క్లార్క్ కంటె ఎంతో ముందుగా, అనుభవము మూలమున ఈ సంగతి తెలిసికొన్న స్త్రీ యొకతె కలదు. ఆమె పేరు క్లేర్ వీక్స్. 1903లో ఆస్ట్రేలియాలో జన్మించినది. యౌవనమున తొండలు బల్లుల జాతిపై పరిశోధన చేయుచుండగా జబ్బుపడినది. వైద్యుడు క్షయ అని పొరబడి శానిటోరియమునకు పంపెను. అక్కడ పనిపాటలు లేక తన గుండె చప్పుడు తానే వినుచు గడపిన నెలలలో దడ ఆమెకు నిత్యమైనది. క్షయ కాదని తేలిన పిదపను ఆ దడ వదలలేదు. యుద్ధమునకు వెళ్లి వచ్చిన మిత్రుడొకడు ఆమె చెప్పినదంతయు విని, కందకములలో తమకందఱకును గుండె అట్లే కొట్టుకొనెడిదనియు, ఆమె భయపడుచున్నది ఆ భయమునకేననియు చెప్పెను. ఆ ఒక్క మాటతో ఆమెకు దారి దొరకినది. 1930లో సిడ్నీ విశ్వవిద్యాలయమున డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. తరువాత నడివయస్సున వైద్యము చదివి, రోగులకు తాను తెలిసికొన్నదియే నేర్పుచు 1962లో ఒక పుస్తకము వ్రాసెను. అది లోకమంతట వ్యాపించినది. పండితులు తొలుత దానిని అంతగా లెక్కచేయలేదు, రోగులు మాత్రము చేతినుండి చేతికి అందించుకొనిరి.

ఆమె బోధ సూక్ష్మమైనది. భయములు రెండనును. మొదటిది మెఱుపువలె తనంతట వచ్చునది, దానిని ఆపుట మనిషి వశము కాదు. రెండవది 'అయ్యో, మరల వచ్చినదే, ఇప్పుడేమగునో' అని మనిషి జోడించునది. మొదటిదానితో పోరాడినకొలది రెండవది పెరుగును. కనుక ఎదుర్కొనుము, ఒప్పుకొనుము, తేలుము, కాలము గడువనిమ్ము అని ఆమె నాలుగు మాటలు చెప్పెను. తేలుట అనగా ఏటిలో సుడి లాగినప్పుడు చేతులు కొట్టక నీటిపై వెల్లకిల పరుండినట్లు, దడను దడగనే ఉండనిచ్చుట. గోదావరిలో ఈత నేర్చిన పిల్లలకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు.

ఇది పరీక్షామందిరమున ఎట్లు కనబడునో చూడవచ్చును. మార్చి నెల, ప్రశ్నపత్రము చేతికి వచ్చి అయిదు నిమిషములైనది. మూడవ వరుసలోని పిల్ల కలము క్రింద పెట్టి ఎదపై చేయి వేసికొనును. మొగము పాలిపోవును, వ్రేళ్లు బిగిసికొనును. ఈ సమయమున సాధారణముగా జరుగునవి అన్నియు తప్పులే. నలుగురు చుట్టుముట్టుదురు. ఒకరు మొగమున నీళ్లు చల్లుదురు, మూర్ఛయని తలచి మఱియొకరు చేతిలో తాళముల గుత్తి పెట్టుదురు. 'గట్టిగా ఊపిరి పీల్చు' అని అందఱును అందురు. ఇదివఱకే అధికముగా పీల్చుచున్న పిల్లకు ఆ సలహా అగ్నికి ఆజ్యము. కాగితపు సంచిలో ఊపిరి తీయించు పాత పద్ధతిని వైద్యులు నేడు మాన్పించిరి. ఏలయన అది నిజముగా ఉబ్బసమో గుండె జబ్బో అయినచో ప్రాణమునకే ముప్పు.

చేయవలసినది చాల స్వల్పము. గుంపును పంపివేసి ఒక్కరు ప్రక్కన కూర్చుండవలెను. గొంతు తగ్గించి, "ఏమీ భయం లేదమ్మా, ఇది గాభరా. వచ్చినట్లే పోతుంది. నేనిక్కడే ఉంటాను" అని చెప్పవలెను. ముక్కుతో నాలుగంకెలు లెక్కించునంత సేపు మెల్లగా పీల్చి, ఆరంకెలు లెక్కించునంత సేపు విడుమనవలెను. పొట్ట కదలవలెను గాని భుజములు కాదు. పడిపోవుదునేమోయని పిల్ల భయపడినచో, ఈ స్థితిలో రక్తపుపోటు పెరుగును గాని తగ్గదు కనుక సొమ్మసిల్లుట అరుదని చెప్పవచ్చును. సూదిమందు వేయు దినమున నెత్తురు చూచి పడిపోవు పిల్లల సంగతి వేఱు. వారికి పోటు నిజముగానే పడిపోవును, వారిని పరుండబెట్టవలెను. దడ దిగిన పిమ్మట, వీలైనంతవఱకు, పది నిమిషములకైనను పిల్లను తిరిగి అదే బల్ల వద్ద కూర్చుండబెట్టుట ముఖ్యము. జాలితో ఇంటికి పంపినచో ఆ క్షణమున హాయి కలుగును. ఆ హాయియే మెదడునకు గురువై, ఆ గది నిజముగా ప్రమాదస్థలమని నేర్పును. నేడు పరీక్ష గది, ఎల్లుండి తరగతి గది, నెల తిరుగునప్పటికి బస్సు, తుదకు వీధి గుమ్మము. ఇట్లు లోకము కుంచించుకొనిపోయినవారు ప్రతి ఊర సోమరులను పేరుతో ఉన్నారు.

ఇచట జమ్మిచెట్టు జ్ఞప్తికి వచ్చును. పారిపోవు ఉత్తరుని పట్టుకొన్న అర్జునుడు అతనిని ఇంటికి పంపలేదు, వెంటనే కౌరవుల మీదికిని తోలలేదు. ముందుగా జమ్మిచెట్టు వద్దకు కొనిపోయి, ఎక్కి ఆయుధములు దింపుమనెను. చెట్టున శవము కట్టబడి యున్నదని విన్నానని ఉత్తరుడు జంకెను. అవి విండ్లే కాని శవము కాదని అర్జునుడు చెప్పి ఎక్కించెను. మూట విప్పి ఒక్కొక్క విల్లు ఎవరిదని అతడు అడుగుచుండ ఓపికతో బదులు చెప్పెను. ఆ తరువాతనే పగ్గములు చేతికిచ్చి, యుద్ధము నాది, రథము తోలుట నీది అనెను. నేటి చికిత్సకులును ఇంచుమించు ఇట్లే మెట్టుమెట్టుగా నడపుదురు. రోగిచే మెట్లు ఎక్కించి, కుర్చీలో గిరగిర త్రిప్పి, దడను తలతిరుగుడును కావలెననియే పుట్టించి, అవి ప్రాణము తీయవని దేహమునకే తెలియనిత్తురు. అటుపిమ్మట విడిచిపెట్టిన బస్సును, సంతను ఒక్కొక్కటిగా తిరిగి చేరనిత్తురు.

మందులును కలవు. నేడు ఎక్కువగా వాడునవి సెరటోనిన్‌పై పనిచేయు మాత్రలు. అవి గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును. మొదటి దినములలో కలవరము కొంత పెరుగవచ్చును కనుక రోగికి ముందుగా చెప్పవలెను. వానిని వైద్యుని అడుగక హఠాత్తుగా మానరాదు. వెంటనే నిమ్మళము కలిగించు ఆల్ప్రజోలామ్ వంటి మాత్రలు అలవాటై పట్టుకొనును. మందులకొట్టు వాని సలహాతో వానిని మ్రింగుట మన ఊళ్లలో పెద్ద అనర్థము. మొదటిసారి దడ వచ్చినవారు, ముఖ్యముగా నడివయసు దాటినవారు, ఎదనొప్పితో వచ్చినవారు, అది గాభరాయేయని తమకు తామే నిశ్చయించుకొనరాదు. గుండెను, థైరాయిడ్ గ్రంథిని, రక్తహీనతను వైద్యునిచే పరీక్షింపించుకొనవలెను. పరీక్షలు ఒకసారి చాలును. పదింటికి పదిమార్లు తీయించుట కూడ భయమునకు మేత వేయుటయే.

పల్లెలలో దీనిని గాలి సోకినదనియు, దృష్టి తగిలినదనియు అందురు. తాయెత్తు కట్టిన తల్లిని చూచి చదువుకొన్నవారు నవ్వరాదు. బిడ్డ చెప్పినది నిజమని నమ్మినది ఆమెయే. తాయెత్తు ఉండగానే ఆమెను వైద్యుని వద్దకును నడపవచ్చును. హైదరాబాదున ఎఱ్ఱగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోనే మాటాడుదురు.

ఇంతకును అన్నిటికంటె కష్టమైనది చెప్పుకొనుట. మగపిల్లలకు అది మరింత కష్టము. ఉదయమున కడుపునొప్పి యనుదురు, తలుపు ప్రక్క బల్లయే కావలెనందురు, మాటిమాటికి నీళ్లకని బయటికి పోదురు. పేరు పిలిచి పాఠము చదువుమన్న దినమున బడి మానుదురు. బెత్తము చూపిన ఉపాధ్యాయునకు కారణము ఏనాడును తెలియదు. బడి విడిచిన తరువాత విడిగా పిలిచి, "గుండె దడదడలాడుతోందా బాబూ?" అని అడిగిన ఉపాధ్యాయునకు తెలియును. ఆ ప్రశ్నకు కొందఱు ఏడ్చెదరు. తమకు మాత్రమే ఇట్లున్నదని అంతవఱకు అనుకొనియుండుటయే దానికి కారణము.

ఉత్తరుని కథలో నవ్వువారు చదువక విడిచిపెట్టు భాగము ఒకటి కలదు. యుద్ధమైనది, గోవులు మరలినవి. కొడుకు ఒంటరిగా కౌరవులను గెలిచెనని విరాటుడు పొంగిపోయి కొలువున పొగడుచుండెను. ఆ కీర్తిని ఊరకే ఉంచుకొనుటకు ఉత్తరునకు అడ్డమేమియు లేదు. అయినను అతడు అందఱి యెదుట, గెలిచినది తాను కాననియు, భయముతో పారిపోవుచున్న తన్ను ఒక దేవపుత్రుడు ఆపెననియు చెప్పెను. ఆ వీరుడెక్కడ అని తండ్రి అడిగెను. రేపో ఎల్లుండియో కనబడునని కొడుకు బదులు చెప్పెను. తరువాత రాజు అనుమతితో బృహన్నల, యుద్ధభూమినుండి తెచ్చిన బట్టలను ఉత్తర చేతికి ఇచ్చెను.